మా ముఖం కావాలి, మా మాట అక్కర్లేదా?

పాలకొండ పక్కన ఒక ఊళ్లో చెరువు పని. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే అక్కడ మేటుగా ఉన్న మన ఆడపిల్ల కూడు పోతుంది. మే నెల ఎండలు. తెల్లారి ఆరు గంటలకే పేటలోని ఆడా మగా పారలు, పలుగులు, తట్టలు పట్టుకుని చెరువులో దిగారు. మేటు మాత్రం దిగలేదు. ఫోన్ పైకెత్తి పట్టుకుని గట్టు మీద నడుస్తోంది. గట్టు మీంచి చింతచెట్టు దగ్గరికి, చింతచెట్టు దగ్గర్నుంచి రామకోవెల అరుగు మీదికి. అరుగు ఎక్కితే కోవెల వాళ్లు ఏమంటారో అని ఆమెకి భయం. అయినా సిగ్నల్ అక్కడే ఉంది మరి. మస్టరు ఫోన్లోకి దిగేసరికి ఎనిమిది దాటింది. అప్పుడు, పని ఆపించి, అందర్నీ వరసలో నిలబెట్టి మొదటి ఫోటో తీసింది.

పదకొండుకల్లా ఆ రోజు కొలత పని అయిపోయింది. కానీ ఇంటికెళ్లడానికి లేదు. రెండో ఫోటో మొదటి ఫోటో తర్వాత నాలుగు గంటలకి గానీ తియ్యకూడదు. కడుపులో చోడి అంబలి ఎప్పుడో అరిగిపోయింది. నీడ లేదు. ఒక ముసలామెకి కళ్లు తిరిగాయి. కోడలు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. రెండో ఫోటోలో ఇద్దరూ లేరు. ఆ వారం మస్టరులో ఇద్దరికీ ఒక రోజు తెగిపోయింది.

మేము వెళ్లి అడిగినప్పుడు ఆ ముసలామె అన్న మాట ఇది: "నాను మోసిన మట్టి గట్టు మీదే ఉంది గదా బాబూ. దాన్నడగండి. ఫోన్ని అడుగుతారేటి?"

ఈ ప్రశ్నకి జవాబు మండలంలో లేదు, జిల్లాలో లేదు. ఎక్కడుందో వెతకడానికే ఈ వ్యాసం.

మన ఉపాధి కూలీలు రోజూ ఫోన్ ముందు నిలబడుతున్నారు గానీ ఆ ఫోన్ ఏం చేస్తోందో వాళ్లకెవరూ చెప్పలేదు. దాని పేరు నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టం. ఎన్.ఎం.ఎం.ఎస్. అంటారు. 2021 మే నెలలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మొదలుపెట్టింది. 2022 మే నుంచి ఇరవై మంది, అంతకు మించి ఉన్న పనులకి తప్పనిసరి చేసింది. 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా అన్ని పనులకీ చేసింది. ఫోన్లో ఒక కెమెరా ఉంది. ఒక గడియారం ఉంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను బట్టి మనం భూమ్మీద ఎక్కడ నిలబడ్డామో లెక్కకట్టే జీపీఎస్ ఉంది. ఫోటో తీసినప్పుడు ఈ మూడూ కలిసిపోతాయి. మనిషి, చోటు, వేళ. అక్కడితో ఆగదు. ఆ ఫోటో ఢిల్లీ సర్వర్లో ఉన్న మస్టరుకి అతుక్కుంటుంది. మస్టరు జాబుకార్డుకి, జాబుకార్డు ఆధార్‌కి, ఆధార్ బ్యాంకు ఖాతాకి అతుక్కుని ఉన్నాయి. చేసిన పని విడిగా 2016 నుంచి ఇస్రో వారి భువన్ పటం మీద గుర్తు పెడుతున్నారు.

విడివిడిగా చూస్తే ఏదీ పాపం కాదు. పటం మంచిదే, ఫోటో మంచిదే, బ్యాంకు ఖాతా అయితే మనం పోరాడి తెచ్చుకున్నదే. వీటన్నిటినీ ఒకదానికొకటి కుట్టేసినప్పుడు ఆ దారం కొస ఎవరి చేతిలో ఉంది అన్నదే ప్రశ్న. కుట్టు ఎక్కడ తెగినా తెగేది మన కూలి. మేటు ఫోన్ పాతదైతే మన కూలి పోతుంది. టవరు పడిపోయినా మనదే, సర్వరు మొరాయించినా మనదే. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో ఒక్క గీత సిగ్నల్ కోసం సవర, జాతాపు కూలీలు కొండెక్కి దిగుతున్నారు. ఆ కొండ ఎక్కిన కూలి ఏ మస్టరులో రాస్తారు? ఫోన్ మేటుదే, రీచార్జి మేటుదే. ప్రభుత్వం తన కన్నుని మన డబ్బుతో కొనిపించి మన మీదే పెట్టింది.

మన చదువుకున్న కుర్రాళ్లు కొందరు మాతో వాదిస్తున్నారు. "మాష్టారూ, ఫోటో లేనప్పుడు దొంగ మస్టర్లు రాయలేదా? పని చెయ్యని నాయుడుగారి పాలేరు పేరు మస్టరులో లేదా? ఫోటో వచ్చాక ఆ దొంగతనం ఆగింది కదా" అంటున్నారు. దొంగ మస్టర్లు రాసిన మాట నిజమే. మన పేటల్లో కూడా కొందరు జాబుకార్డు పెత్తందారుకి ఇచ్చి, వచ్చిన దాంట్లో ఇంత తీసుకుని ఊరుకున్నారు. అది దాచి మాట్లాడితే మన మాటకి బలం ఉండదు.

కానీ ఆగిందా? 2025 జూలై 8న ఆ శాఖే రాష్ట్రాలన్నిటికీ ఉత్తరం రాసింది. అందులో ఏడు రకాల మోసాలు ఏకరువు పెట్టింది. పనికి సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారట. ఫోటోకే ఫోటో తీసి పెడుతున్నారట. మస్టరులో ఉన్నవాళ్ల లెక్కకీ ఫోటోలో ఉన్నవాళ్ల లెక్కకీ పొంతన లేదట. ఆడవాళ్ల పేర్లుంటే మగవాళ్లు నిలబడ్డారట. ఒకే మనిషి నాలుగు మస్టర్లలో ఉన్నాడట. దానికి వాళ్లు చెప్పిన మందు ఏమిటి? ఇక నుంచి ఈ ఫోటోలన్నిటినీ పంచాయతీ నుంచి పై దాకా సిబ్బంది కళ్లతో చూసి సరిచూడాలి! నాలుగేళ్లు కూలీలను ఎండలో నిలబెట్టి, చివరికి మళ్లీ మనిషి కన్నే కావాల్సి వచ్చింది. దొంగ ఎప్పట్లాగే దొరబాబులా ఉన్నాడు. కళ్లు తిరిగి ఇంటికి పోయిన ముసలామెకి మాత్రం రోజు తెగింది.

ఈ మోసాలు చేసింది కూలీలా? ఫోటోకి ఫోటో తీసి పెట్టడం వంద గజాల అవతల మట్టి మోస్తున్న మనిషి చెయ్యగలిగే పనా? అయినా కెమెరా ఎటు తిరిగి ఉంది? కూలి మనిషి వైపు. రాత్రిపూట చెరువులో దిగే జేసీబీకి ఫోటో లేదు. బిల్లు రాసే చేతికి జీపీఎస్ లేదు. పని పెట్టమని దరఖాస్తు ఇస్తే రసీదు ఇవ్వని ఆఫీసుకి గడియారం లేదు. 2005 చట్టంలో పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలని రాశారు. పదహారో రోజున ఆలస్యం చేసినవాడి ముఖం ఫోటో తీసి పటం మీద పెట్టే యాప్ ఒక్కటైనా ఎవరైనా చేశారా? ఈ దేశంలో చూపు ఎప్పుడూ పైనుంచి కిందికే నడుస్తుంది. కర్ణం కట్టె పట్టుకుని మన వైపు చూసినా అదే, ఉపగ్రహం చూసినా అదే.

హాజరు పట్టీ అంటే మన జాతులకి కొత్త కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ, అంటే మన జిల్లాలకీ వచ్చింది. ఎరుకల, యానాది కులాల్లో పుట్టినవాళ్లు ఏ నేరమూ చెయ్యకపోయినా పేరు రిజిస్టరులో రాయించుకోవాలి, వేలిముద్ర ఇవ్వాలి, చెప్పిన వేళకి వచ్చి హాజరు పలకాలి, ఊరు దాటితే చెప్పి దాటాలి. 1952 దాకా గానీ దేశంలో ఆ చట్టం పోలేదు. ఈ పోలిక అతిగా ఉందని మా తోటి టీచరు ఒకాయన అన్నాడు. కావచ్చు. ఉపాధి కూలీని ఎవరూ జైల్లో పెట్టడం లేదు. కానీ ముందు అనుమానించి, ఆ తర్వాత రోజుకి రెండుసార్లు తన నిజాయితీ తానే రుజువు చేసుకొమ్మని చెప్పడం ఏ బడిలో నేర్చుకున్న పాఠమో ఆయన చెప్పలేదు.

వేలిముద్ర అంటే ఒకటి గుర్తొస్తోంది. మేము బడిపిల్లలుగా ఉన్న రోజుల్లో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి లాంతరు కింద మా తల్లులు పలక పట్టుకుని కూర్చునేవారు. ఒకే ఒక్క మాట అందరి నోటా ఉండేది, వేలిముద్ర పోవాలి, సంతకం రావాలి అని. మా ఇళ్లలో తల్లులు మూడు నెలలు కష్టపడి పేరు రాయడం నేర్చుకున్నారు. బ్యాంకులో మొదటిసారి సంతకం పెట్టి బయటికి వచ్చినప్పుడు వాళ్ల నడకే మారింది. ఇప్పుడు అదే తల్లులు రేషనుకి వేలు పెట్టాలి, పింఛనుకి వేలు పెట్టాలి, బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టాలి. సంతకం ఎవడికీ అక్కర్లేదు. ఆ వేలు చూడబోతే మట్టి తట్టలు మోసి, అంట్లు తోమి, వరి కోసి గీతలు అరిగిపోయి ఉంది. యంత్రం ఒప్పుకోదు. పని చేసిన చేతిని పని చేసినందుకే నువ్వు నువ్వు కావంటోంది.

వేలు పోతే ముఖం అన్నారు. 2025లో ఉపాధి కూలీలకు ముఖంతో ఈ-కేవైసీ పెట్టారు. ఆ హడావిడిలో 2025 అక్టోబరు, నవంబరు మధ్య ఒక్క నెల రోజుల్లో దేశం మొత్తం మీద దాదాపు 27 లక్షల మంది కూలీల పేర్లు జాబితాలోంచి తీసేశారని లిబ్‌టెక్ ఇండియా అనే పరిశోధకుల బృందం లెక్కతీసింది. అందులో సగానికి పైగా మన ఆంధ్రప్రదేశ్‌వి. మన జిల్లాల నుంచి మద్రాసుకీ హైదరాబాదుకీ ఇటుకలు, ఇనప చువ్వలు మొయ్యడానికి వలస పోయినవాళ్లు సంక్రాంతికి తిరిగొచ్చి పని అడిగితే పేరుండదు. ఎందుకు లేదో చెప్పేవాడూ ఉండడు. పేరు తీసేసేటప్పుడు గ్రామసభ పెట్టారా? ఆ మనిషికి కాగితం ఇచ్చారా?

ఆధార్ జోడింపు సంగతి మరీ విడ్డూరం. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి ఆధార్ దారిలోనే రావాలన్నారు. ఆ దారిలో డబ్బు మనం రాసిచ్చిన ఖాతాకి పోదు. ఆఖరుగా ఏ ఖాతాకి ఆధార్ తగిలించారో అక్కడికి పోతుంది. అది మనకి తెలియకుండా జరగొచ్చా అంటే, జరిగింది. ఎయిర్‌టెల్ సిమ్ కార్డు కోసం వేలు పెట్టినవాళ్లకి చెప్పకుండానే పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెరుచుకున్నాయి, వాళ్ల గ్యాస్ సబ్సిడీ పోయి వాటిలో పడింది. గొడవ అయ్యాక 2017 డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ కంపెనీ ఈ-కేవైసీ అధికారాన్ని నిలిపేసింది. సిమ్ ఒక చోట, ఆధార్ ఒక చోట, సబ్సిడీ ఒక చోట ఉన్నంతకాలం ఇది జరగలేదు. మూడిటికీ ముడి పడ్డాకే జరిగింది.

ఇంకొక మాట. ఇది ప్రతి పేటలోనూ చదివి వినిపించాలి. 2017 మే నెలలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు ఒక నివేదిక ఇచ్చారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచి 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు ఎవరు పడితే వాళ్లు చూసేలా బయటపడి ఉన్నాయని చెప్పారు. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే. అందులో ఒకటి మన ఉపాధి హామీ చెల్లింపుల వెబ్‌సైటు, రెండోది చంద్రన్న బీమా. ఆ మరుసటి ఏడు, 2018 ఏప్రిల్లో, మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, వాటి పక్కనే కులం, మతం కూడా బహిరంగంగా కనపడ్డాయి. కులాన్ని బట్టి, మతాన్ని బట్టి వెతికి ఇల్లు పటం మీద ఎక్కడుందో చూసే వీలు కూడా ఉండేదని అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

ఆలోచించండి. వంగర మండలం లక్షింపేటలో 2012 జూన్ 12న మద్దువలస ప్రాజెక్టు భూమి సాగు చేసుకుంటున్న మన మాలలను ఇళ్ల మీద పడి నరికారు. ఐదుగురు చనిపోయారు. అప్పుడు చంపినవాళ్లకి పటం అవసరం లేదు, పక్కిళ్లవాళ్లే. కానీ మాల ఇల్లు ఏది, సాయిబు ఇల్లు ఏది అని ఎక్కడో కూర్చున్నవాడికి కూడా వేలితో చూపించే పటం ప్రభుత్వమే తయారుచేసి వాకిట్లో పెట్టిందంటే, లక్షింపేట చూసినవాళ్లకి దాని అర్థం వేరే చెప్పాలా? 'పొరపాటున జరిగింది, తీసేశాం' అన్నారు. ఎవరి మీద చర్య తీసుకున్నారో మాత్రం మన పేటకి ఎవరూ వచ్చి చెప్పలేదు.

మరో పక్క మన లెక్క మనకి కావాల్సినప్పుడు ఏమవుతోంది? 2024 జనవరిలో ఈ రాష్ట్రంలో సచివాలయ సిబ్బంది ఇంటింటికీ ఫోన్ పట్టుకుని వచ్చి కులగణన చేశారు. మన కులం, భూమి, చదువు, ఇల్లు అన్నీ యాప్‌లో నొక్కుకుపోయారు. ఏ కులం చేతిలో ఎంత భూమి ఉందో ఆ లెక్క మన ముందు ఎందుకు పెట్టలేదు? ఇచ్చింది మనం, దాచుకుంది వాళ్లు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తెచ్చి, అందులోనే 44(3) అనే సెక్షనుతో సమాచార హక్కు చట్టాన్ని కత్తిరించారు. 2025 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. ఫలానా పనిలో ఎవరి పేరున ఎంత బిల్లు అయ్యిందని అడిగితే 'అది వ్యక్తిగతం' అని తలుపు వేసుకోవడానికి ఆఫీసరుకి గడియ దొరికింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ హక్కు బిల్లులు రాసేవాడికి గొడుగైంది. చెరువులో దిగిన మనిషికి మాత్రం రోజుకి రెండు ఫోటోలు.

మేము కంప్యూటరుకి శత్రువులం కాము. 2006లో ఉపాధి పథకం దేశంలోనే మొదట మన రాష్ట్రంలో, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మొదటి విడత జిల్లాల్లో విజయనగరం ఉంది. శ్రీకాకుళం ఆ తర్వాతి ఏడు వచ్చింది. అప్పుడు కూడా మస్టర్లు కంప్యూటరులో ఎక్కించారు. కానీ ఆ కంప్యూటరులోంచి జాబితా తీసి, గ్రామసభలో మైకు పెట్టి, సామాజిక తనిఖీలో పేరు పేరునా చదివారు. "ఫలానా వాళ్లకి పద్దెనిమిది రోజుల కూలి ఇచ్చాం" అని చదివితే, "నాకు తొమ్మిదే ముట్టాయి" అని మన ఆడవాళ్లు లేచి నిలబడి చెప్పారు. రచ్చబండ దగ్గర నిలబడి ఊరి పెద్ద ముఖం మీద మాల మనిషి అబద్ధం అనడం ఈ జిల్లాల్లో అంతకు ముందు ఎన్నిసార్లు జరిగింది? ఆ కంప్యూటరు మన నోటికి మాట ఇచ్చింది. ఈ ఫోన్ మన ముఖం తీసుకుని మాట లాగేసుకుంటోంది. రెండూ యంత్రాలే. ఒకటి ఊరి మధ్య తెరుచుకుంది. ఇంకోటి ఢిల్లీలో మూసుకుంది.

మా టీచర్ల సంగతి కూడా చెప్పాలి. 2022 ఆగస్టులో మాకూ ముఖ హాజరు యాప్ తెచ్చారు. సొంత ఫోన్లో పెట్టుకోవాలన్నారు. "మా ఫోన్లో మీ యాప్ ఏమిటి, పరికరం మీరివ్వండి, మా వివరాలు ఎక్కడికి పోతాయి" అని గట్టిగా అడిగాం. అడగడం న్యాయమే. అయితే అప్పటికే మన బడి పిల్లల తల్లులు చెరువు గట్టున ఫోన్ ముందు నిలబడుతున్నారు. వాళ్ల కోసం మాలో ఎంతమంది ఒక్క మాట మాట్లాడాం? నెల జీతగాడికి అవమానం అనిపించింది రోజు కూలికి ఎందుకు అనిపించదనుకున్నాం? మన కులంలోంచి చదువుకుని వచ్చినవాళ్లం కూడా ఇందుకు జవాబు చెప్పుకోవాలి. 2023 ఫిబ్రవరి నుంచి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఉపాధి కూలీలు ఈ యాప్ తీసెయ్యాలని వంద రోజుల ధర్నా తలపెట్టి కూర్చున్నారు. మన జిల్లాల్లో ఎన్ని ఊళ్లకి ఆ సంగతి తెలుసు?

2025 డిసెంబరులో పాత చట్టం స్థానంలో 'వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్)' అనే కొత్త చట్టం పార్లమెంటులో నెగ్గించుకున్నారు. నూరు రోజులు నూటపాతిక అయ్యాయని చాటింపు వేస్తున్నారు. ఖర్చులో నలభై పాళ్లు రాష్ట్రం నెత్తిన వేసిన సంగతి, నాట్లూ కోతలూ జరిగే రోజుల్లో అరవై రోజుల దాకా పని ఆపవచ్చని రాసుకున్న సంగతి మెల్లగా చెబుతున్నారు. నాట్ల కాలంలో ఉపాధి పని లేకపోతే కూలి రేటు ఎవరు నిర్ణయిస్తారో మోతుబరులకి బాగా తెలుసు. బయోమెట్రిక్ హాజరు, జీపీఎస్, మొబైల్ నిఘా ఇంతకు ముందు ఆఫీసు ఉత్తర్వులు. ఉత్తర్వుని ఉత్తర్వుతో కొట్టెయ్యొచ్చు. కొత్తగా వాటిని చట్టంలోకే ఎక్కించారు.

కనుక ఊరూరా సంఘాలు ఇప్పుడే చెయ్యాల్సిన పనులున్నాయి. ప్రతి పని దగ్గరా ఒక నూరు పేజీల నోటుబుక్కు పెట్టండి. పేటలో పదో తరగతి చదివిన పిల్లెవరైనా రాస్తుంది. పనికి దిగిన వేళ, దిగిన మనుషులు, ఫోటో పడిన వేళ, పడకపోతే ఎందుకు పడలేదు, అన్నీ రాసి రోజూ ఇద్దరు కూలీల సంతకాలు పెట్టించండి. వేలిముద్ర వద్దు, సంతకమే. ఫోన్ పనిచెయ్యనప్పుడు జిల్లా అధికారి అనుమతితో చేతి మస్టరు వెయ్యొచ్చని ఆ శాఖే ఒప్పుకుంది. ఫోటో పడని రోజునే మండలంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే రిజిస్టరు పోస్టులో పంపండి. మేటు మీద మాత్రం విరుచుకుపడకండి. ఆమె కూడా మన మనిషే, మధ్యలో ఇరుక్కుంది. జేసీబీ దిగితే మీ ఫోన్లోనే ఫోటో తియ్యండి. అందులోనూ గడియారం ఉంది, జీపీఎస్ ఉంది.

వచ్చే నెల మొదటి ఆదివారం లోపు మీ ఊరి వివరాలు పత్రికకి రాసి పంపండి. ఎన్ని రోజులు తెగాయి, ఎంతమంది పేర్లు జాబితాలోంచి పోయాయి, ఎవరి కూలి ఏ ఖాతాలో పడింది అన్నవి రాస్తే చాలు. వాటన్నిటినీ కలిపి రెండు జిల్లాల కలెక్టర్లకీ, పార్వతీపురం మన్యం కలెక్టరుకీ అర్జీ ఇస్తాం. ఉత్తరంలో మీ ఆధార్ నంబరు రాయకండి. ఫోటో పంపకండి.